మడతపెట్టిన బయోడేటా: మనుషుల్ని గుంపులుగా చూడటం వివక్షగా ఎలా మారుతుంది

మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఒక సాయంత్రం మా వీధి అరుగు మీద కూర్చుని మధ్యవర్తి ఒక బయోడేటా కాగితం మా నాన్న చేతికిచ్చాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని పైనుంచి చదువుతూ వచ్చారు. పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, డిగ్రీ, తండ్రి ఉద్యోగం. ముఖంలో ఇష్టం కనిపిస్తూనే ఉంది. ‘స్వగ్రామం’ అన్న చోటికి వచ్చాక ఆగారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు.

“ఉద్దానం పిల్లా? ఒద్దులే బావా.”

మధ్యవర్తి వాదించలేదు. ఆయనకిది అలవాటే. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు.

ఆ అమ్మాయికి జబ్బుందని ఎవరూ అనలేదు. వాళ్లింట్లో ఎవరికైనా ఉందా అని మేం అడగనూ లేదు. ఉద్దానం అంటే మా శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు పరుచుకున్న పచ్చటి నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. అక్కడ ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. ఎందుకొస్తోందో పరిశోధకులు ఇప్పటికీ గట్టిగా తేల్చలేకపోయారు. అయితే అది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని అందరికీ తెలుసు. హిరమండలం నుంచి తాగునీళ్లు తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పెళ్లి మాటల దగ్గర మాత్రం ఆ ఊళ్ల పేరు చెప్పగానే కాగితాలు ఇంకా మడతపడుతూనే ఉన్నాయి.

మా నాన్నకి ఉద్దానం వాళ్లంటే ద్వేషం లేదు. ఆయనకి అక్కడ స్నేహితులున్నారు, వాళ్లు పంపిన పనసకాయలు మా ఇంట్లో తిన్నాం. అందుకే ఆ సాయంత్రం నన్ను వదల్లేదు. వివక్ష అనగానే మనం పగ, దుర్మార్గం దగ్గర మొదలుపెడతాం. నేను చూసినంతలో అవి చివర్లో వచ్చేవి. అంతకు చాలా ముందే, ఏ కోపమూ లేకుండా, మనిషిని ఒక గుంపు పేరుతో గుర్తుపట్టి అక్కడితో చూడటం ఆపేస్తాం. గుర్తుపట్టడంలో తప్పులేదు. ఆపెయ్యడం దగ్గరే ఉంది అంతా.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు ఏరుతుంటారు. గుండు ఒక తట్టలోకి, బద్ద ఒక తట్టలోకి, ముక్క ఇంకో తట్టలోకి. గుండులో మళ్లీ 180, 210, 240, 320 అని నంబర్లు, పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో దాన్ని బట్టి. వాళ్ల వేళ్లు అంత వేగంగా ఎలా కదులుతాయో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మన బుర్ర కూడా రోజంతా చేసేది ఆ పనే. రోడ్డు మీద వచ్చేది ఆటోనా లారీనా, తలుపు కొట్టింది చుట్టమా కొత్తమనిషా అని ప్రతిసారీ మొదట్నుంచీ ఆలోచిస్తూ కూర్చుంటే బతకలేం. ఏరడం మన అవసరం. కాకపోతే జీడిపప్పు ఏ తట్టలో పడినా జీడిపప్పుగానే ఉంటుంది. మనుషుల్ని ఏరితే రెండు మార్పులు జరుగుతాయి. ఏరేవాడి చూపు మారుతుంది. తట్టలో పడ్డవాడూ మారతాడు.

మొదట చూపు సంగతి. 1963లో హెన్రీ టాజ్‌ఫెల్, విల్క్స్ అనే మనస్తత్వవేత్తలు కొంతమందికి ఎనిమిది గీతలు చూపించి పొడవు అంచనా వెయ్యమన్నారు. గీతలు ఒకదానికంటే ఒకటి కాస్త కాస్త పొడుగ్గా ఉంటాయి. ఉత్త గీతలు చూపినప్పుడు పెద్ద తేడా రాలేదు. పొట్టి నాలుగింటి మీద ‘ఏ’ అనీ, పొడుగు నాలుగింటి మీద ‘బి’ అనీ రాసి చూపేసరికి, నాలుగో గీతకీ ఐదో గీతకీ మధ్య తేడా ఉన్నదానికంటే బాగా పెద్దదిగా కనిపించింది. గీతలు అవే, చూసే కళ్లూ అలాంటివే. మధ్యలో ఒక అక్షరం చేరిందంతే.

మనకి దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం విజయనగరంలో కలిసింది. నిన్నటిదాకా ఒకే జిల్లా అనుకున్న పక్కపక్క ఊళ్లు వేర్వేరు జిల్లాలయ్యాయి. అక్కడి చెరువూ మారలేదు, చుట్టరికాలూ మారలేదు. అయినా ‘మన్యం జిల్లావాళ్లు’ అంటూ అదేదో దూరదేశంలా మాట్లాడే తీరు కొద్ది ఏళ్లకే నా చెవిన పడుతోంది.

తేడా ఇలా పెరిగినప్పుడే ఇంకోటి కూడా జరుగుతుంది. అవతలి గుంపులో ఉన్నవాళ్లంతా మనకి ఒకే ముద్దలా కనిపిస్తారు. పల్లంలో ఉన్న మేం ‘కొండోళ్లు’ అనేస్తాం. కొండ మీద సవరలున్నారు, జాతాపులున్నారు, గదబలున్నారు, కొండదొరలున్నారు. సవర భాష ముండా కుటుంబానిది, తెలుగుకి చుట్టమే కాదు. జాతాపుల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగే. ఇన్ని తేడాలు మాకు కనపడవు. అదే మేం హైదరాబాదు వెళ్తే మా సంగతీ అంతే. విజయనగరం, బొబ్బిలి, టెక్కలి, పాలకొండ అన్నీ అక్కడివాళ్లకి ఒకటే ‘శ్రీకాకుళం’. మా వాళ్లు తమలో తాము ఎన్ని తేడాలు చెప్పుకుంటారో మాకే తెలుసు. మన గుంపులో ఒక్కొక్కరినీ విడివిడిగా చూస్తాం, ఎదుటి గుంపుని మందగా చూస్తాం.

ఇంతవరకూ జరిగింది చూపులో పొరపాటు. ఇది అన్యాయంగా ఎలా మారుతుందో తెలుసుకోవాలని టాజ్‌ఫెల్ ఎందుకు అంత పట్టుబట్టాడో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకు పట్టుబడ్డాడు. పోలండ్‌వాడినన్న సంగతి దాచి ఫ్రెంచివాడిగా చెప్పుకుని ప్రాణాలతో బయటపడ్డాడు. తిరిగొచ్చి చూసుకుంటే తనవాళ్లలో దాదాపు ఎవరూ మిగల్లేదు. ఒక పేరుకి బతుకు, ఇంకో పేరుకి చావు రాసిపెట్టి ఉన్న కాలాన్ని ఆయన ఒంటిమీద అనుభవించాడు.

1970లో ప్రచురించిన ఆయన ప్రయోగం ఇది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 14, 15 ఏళ్ల బడిపిల్లలకి తెర మీద చుక్కలు చూపించి ఎన్నున్నాయో చెప్పమన్నారు. తర్వాత ‘నువ్వు ఎక్కువ చెప్పేవాళ్లలో ఒకడివి’, ‘నువ్వు తక్కువ చెప్పేవాళ్లలో ఒకడివి’ అన్నారు. నిజానికి పిల్లలు చెప్పిన లెక్కకీ ఆ విభజనకీ సంబంధం లేదు, ఎటుపడితే అటు పంచేశారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, మిగతా పిల్లల్లో ఇద్దరిద్దరికి డబ్బులు పంచమన్నారు. తనకి తాను ఇచ్చుకోవడానికి లేదు. ఎవరికిస్తున్నాడో పేరు తెలియదు. ఏ గుంపువాడో మాత్రం తెలుసు.

పిల్లలు తమ గుంపువాడికి ఎక్కువిచ్చారు. అది ఊహించగలిగిందే. చుక్కలకి బదులు, ఏ చిత్రకారుడి బొమ్మలు ఇష్టమన్న పేరు మీద గుంపులు చేసిన మరో ప్రయోగంలో తేలింది మాత్రం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. తమ గుంపుకి ఎక్కువ డబ్బు వచ్చే దారి ఎదురుగా ఉన్నా చాలామంది దాన్ని వదులుకున్నారు. మనకి కొంత తగ్గినా ఫర్వాలేదు, అవతలివాళ్లకి ఇంకా తగ్గితే చాలు అన్నట్టు పంచారు. అందరూ ఒకే బడి పిల్లలు. రెండు గుంపుల మధ్య పాత తగాదా ఏదీ లేదు. బొమ్మల పేరు మీద అప్పటికప్పుడు పుట్టిన గుంపులు అవి.

చుక్కలకీ బొమ్మలకే అంత జరిగితే, వందల ఏళ్ల చరిత్ర, భూమి, నీళ్లు, గుడి, శ్మశానం అన్నీ ముడిపడిన కులం దగ్గర ఎంత జరుగుతుందో ఆలోచించండి. మా వైపు కొత్తమనిషి కనిపిస్తే ఊరు పేరు అడిగాక, ఇంటిపేరు అడిగాక, ఇంకా తేలకపోతే “మీరేటోళ్లు?” అని అడిగేస్తారు. చాలామంది ప్రేమగానే అడుగుతారు. జవాబు విన్నాక మాత్రం మాట తీరు మారుతుంది. కుర్చీ మారుతుంది. ఒక్కోచోట గ్లాసు కూడా మారుతుంది.

మన భాషలోనే ఒక తక్కెడ ఉంది. మీరు, నువ్వు. నేను దాన్ని ఎలా వాడానో చెబుతాను. సీతంపేట సంతలో ఒక సవర ఆవిడ దగ్గర పైనాపిల్ కొంటున్నాను. మా అమ్మ వయసుంటుంది. “ఎంతకిస్తావే?” అన్నాను. తర్వాత నాలుగడుగులు వేసి ఉల్లిపాయల కొట్టు దగ్గర ఆగాను. కొట్టులో ఉన్న కుర్రాడికి పాతికేళ్లుండవు. “కేజీ ఎంతండీ?” అన్నాను. ఆ తేడా నేను ఆలోచించి చెయ్యలేదు, నాలుక దానంతటదే చేసేసింది. వెనకనించి ఇద్దరు ఆడవాళ్లు సవరలో ఏదో మాట్లాడుకుంటుంటే నా పక్కనున్నతను నవ్వాడు. నేనూ నవ్వాను.

మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. మాకు గర్వకారణమే. ఆయన నేలమీద నిలబడి ఒక భాష విని నవ్వానన్నది గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది. ఎందుకంటే నవ్వించుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

హైదరాబాదులో నా మొదటి ఉద్యోగంలో నేను ‘ఏటి’ అన్నప్పుడల్లా పక్క సీట్లవాళ్లు ‘ఇంకోసారి అను’ అనేవాళ్లు. సినిమాల్లో మా యాస ఎక్కువగా పనిమనిషికో, వాచ్‌మన్‌కో, నవ్వించే పాత్రకో పెడతారు. వాళ్లు అక్కడినుంచే నన్ను గుర్తుపట్టారు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. నేను మాత్రం ఆ మాట మానేశాను. తర్వాత మీటింగుల్లో మాట్లాడటం తగ్గించాను. చెప్పాల్సిన విషయం తెలిసి కూడా, నోట్లోంచి ఏ మాట ఎలా వస్తుందో కాపలా కాసుకోవడంలోనే సగం బుర్ర ఖర్చయ్యేది. ఆ ఏడాది నా మేనేజరు ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాశారు. చూస్తే ఆయన రాసింది నిజమే.

తట్టలో పడ్డవాడు మారతాడని పైన అన్నది ఇదే. దీన్ని లెక్కగట్టి చూపించినవాళ్లు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే. ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముళ్లు ఇచ్చారు. ఒక్కోటి పూర్తిచేస్తే ఒక రూపాయి. కులం ఊసెత్తనప్పుడు అగ్రకులాల పిల్లలూ దళిత పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. మరో విడతలో అందరి ముందూ ప్రతి పిల్లాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివి వినిపించి అప్పుడు మొదలుపెట్టమన్నారు. దళిత పిల్లలు పూర్తిచేసిన చిక్కుముళ్ల సంఖ్య గట్టిగా పడిపోయింది. చిక్కుముడి ఒకటే, రూపాయి ఒకటే. ఆ గదిలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

ఇప్పుడు వాళ్ల మార్కులు మాత్రమే చూసిన మనిషి ఏమంటాడు? ‘చూశారా, వాళ్లింతే’ అంటాడు. గుంపు పేరు ముందు వచ్చింది, దాని దెబ్బకి ఫలితం తగ్గింది, తగ్గిన ఫలితాన్ని గుంపు పేరుకి సాక్ష్యంగా చూపించారు. ఈ చక్రం నిజం మీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది కాబట్టే దీన్ని ఆపడం ఇంత కష్టం.

దీనికి ఎదురు సాక్ష్యాలు దొరకవా అంటే రోజూ దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టడానికి మన దగ్గర సిద్ధంగా మాటలుంటాయి. మనవాడు ఫెయిలైతే పేపర్ కష్టంగా వచ్చింది. వాళ్లవాడు ఫెయిలైతే బుర్ర అంతే. వాళ్లవాడు పాసై ఉద్యోగం తెచ్చుకుంటే కోటా. ఇంకా బాగా దగ్గరైతే ‘నువ్వు వాళ్లలా ఉండవు’ అని మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు ఆ ఒక్కడిని తట్టలోంచి తీసి బయటపెడుతుంది, తట్ట మీద రాసిన పేరుని మాత్రం చెరపదు.

“అందరూ అని కాదు, ఎక్కువమంది అంతే కదా” అన్న వాదన ఒకటుంది. మా నాన్నదీ అదే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మిగతా చోట్లకంటే ఎక్కువన్నది అబద్ధం కాదు. కానీ అక్కడ కూడా జబ్బు లేనివాళ్లే ఎక్కువ. పైగా మా నాన్నకి కావాల్సిన సమాచారం ఒక రక్తపరీక్ష దూరంలో ఉంది. క్రియాటినిన్ ఎంతో చెప్పే మామూలు పరీక్ష. ఆయనకి నిజంగా తెలుసుకోవాలనుంటే అడిగేవారు. గుంపు గురించిన సగటు, చేతికి అందేంత దగ్గర్లో ఉన్న మనిషి గురించి అడగకుండా ఉండటానికి సాకు అయిపోయింది. ఇదే నాన్న మా తమ్ముడికి పరీక్ష చేయించమని అటువైపువాళ్లు అడిగితే ఒప్పుకునేవారా అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఒక ఇంట్లో ఒక కాగితం మడతపడితే ఒక సంబంధం పోతుంది. అదే పని ఉద్యోగాలిచ్చేవాళ్లు చేస్తే? సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకి ఒకే రకం చదువు, ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు మాత్రమే. అగ్రకులం అనిపించే పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే ఉంది, ముస్లిం పేరుకి సుమారు మూడింట ఒక వంతు. ఆ కవర్లు విప్పినవాళ్లలో ఎంతమంది తమకి ద్వేషం ఉందని ఒప్పుకుంటారు? మా నాన్నలాగే వాళ్లూ ఒక పేరు దగ్గర ఆగి, పక్కన పెట్టి, తర్వాతి కవరు తీసుంటారు.

భూమిలాంటిది మధ్యలోకి వచ్చినప్పుడు ఇది ఎక్కడిదాకా పోతుందో మన జిల్లా చూసింది. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితుల ప్రాణాలు తీసిన దాడి జరిగింది. మడ్డువలస జలాశయం కోసం తీసుకున్న భూమిలో మునగకుండా మిగిలిన నేలని ఎవరు సాగు చేసుకోవాలన్నది తగాదా. చంపినవాళ్లు ఎక్కడినుంచో రాలేదు, అదే ఊళ్లో ఉన్న మరో కులంవాళ్లు. అదే జలాశయం కింద ఊరు పోగొట్టుకున్నవాళ్లు. కష్టం ఒక్కటే అయినా గుంపు ఒకటి కాలేదు. ఆ పేరు రాస్తున్నప్పుడు ఇప్పటికీ చెయ్యి బరువెక్కుతుంది.

అలాగైతే గుంపుల పేర్లే తీసేస్తే సరిపోతుంది కదా అని కొందరు మంచి మనసుతోనే అంటారు. నేను ఒప్పుకోలేను. వర్గీకరణ అనగానే ఇప్పుడు మన రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ని ఉపకులాల మధ్య విడగొట్టడం, గుర్తొస్తుంది. దానికి కారణమేమిటో మా ఉత్తరాంధ్రలో రెల్లివాళ్లని చూస్తే తెలుస్తుంది. పట్టణాలు తెల్లారేసరికి శుభ్రంగా ఉన్నాయంటే తరతరాలుగా వాళ్ల చేతులే. ‘ఎస్సీ’ అన్న పెద్ద పేరు కింద వాళ్ల వాటా ఎంత దక్కిందో బయటికి కనపడేది కాదు. రాష్ట్రాలు ఉపవర్గాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, వాళ్లతో కలిపిన ఉపకులాలకి 1 శాతం, మాదిగ ఉపకులాలకి 6.5, మాల ఉపకులాలకి 7.5 శాతం అని విడగొట్టారు. దాని మీద వేరే వాదనలున్నాయి, ఇక్కడ వాటిలోకి వెళ్లను. చెప్పదలచుకున్నది ఒకటే: అన్యాయం కులం పేరు మీద జరిగినప్పుడు, దాన్ని కొలవడానికీ కులం పేరే కావాలి. దేశంలో అన్ని కులాల లెక్క చివరిసారి పూర్తిగా వచ్చింది 1931 జనగణనలో. అప్పటినుంచీ ఎవరికి ఎంత అందిందన్న దాని గురించి మనం చాలావరకూ అంచనాలతోనే కొట్టుకుంటున్నాం. మా నాన్న చూడటం ఆపడానికి ఊరి పేరు వాడారు. లెక్క రాసేవాడు చూడటం మొదలుపెట్టడానికి పేరు వాడతాడు. రెండూ ఒకటి కావు.

ఏం చేస్తే తగ్గుతుందన్న దాని మీద నాకు రెండు విషయాల్లో నమ్మకం ఉంది. ఒకటి, నిర్ణయం తీసుకునే క్షణంలో పేరుని కప్పెయ్యడం. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో జవాబు పత్రం దిద్దే టీచరుకి పిల్లవాడి పేరు కనపడకుండా కోడ్ ఉంటుంది. ఆ టీచరు మంచివాడా కాదా అన్న ప్రశ్నే అక్కర్లేదు. అలా కప్పగలిగిన చోట్లు ఇంకా చాలా ఉన్నాయి, ఉద్యోగాల మొదటి వడపోతతో మొదలుపెట్టి.

రెండోది కలిసి మెలగడం. ఇది అందరూ చెప్పేదే, కానీ సగమే చెబుతారు. అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి షరతులు పెట్టాడు. ఇద్దరూ సమాన స్థాయిలో ఉండాలి. ఒకే లక్ష్యం కోసం, పోటీ పడకుండా కలిసి పనిచెయ్యాలి. పైవాళ్ల మద్దతు ఉండాలి. ఇవి లేకుండా ఊరికే దగ్గరగా ఉంటే ఏమీ మారదు. మా వీధిలో ఒకరింటికి ఒకావిడ 30 ఏళ్లుగా పనికి వస్తోంది. వాళ్ల పిల్లల్ని ఆవిడే ఎత్తుకు పెంచింది. ఆవిడ గ్లాసు ఇప్పటికీ పెరటి గోడ మీదే ఉంటుంది. అంతకంటే దగ్గరితనం ఎక్కడుంటుంది? సమానత్వం లేని దగ్గరితనం ఆ గ్లాసుని అరంగుళం కూడా జరపలేదు.

పోయిన చలికాలంలో మళ్లీ సీతంపేట సంతకి వెళ్లాను. అదే ఆవిడో కాదో చెప్పలేను. అదే వయసు, ముందర పైనాపిల్ కుప్ప, పక్కన రెండు కొండచీపుర్ల కట్టలు. “కాయ ఎంతండీ?” అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను ఎవరితో మాట్లాడుతున్నానో అని. వెనక ఎవరూ లేరు.

“మిమ్మల్నేనమ్మా, కాయ ఎంత?” అన్నాను. చెప్పింది. నాలుగు ఇమ్మన్నాను. ఒక్కో కాయా ఎత్తి, అడుగున వాసన చూసి, రెండు పక్కనపడేసి, మంచివి ఏరి నా సంచిలో పెట్టింది. పెట్టినంతసేపూ తల ఎత్తలేదు.